కంటిరెప్పకు రంగు: కాలేజీ నాటకానికి ఒక పాఠం

సర్వేంద్రియాలలోను నయనం ప్రధానమని పెద్దలు చెప్పారు. ఆ మాట మనమంతా చిన్నప్పుడే విన్నాం. కాని స్టేజీ ఎక్కి వేషం కట్టినవాళ్ళకు గాని దాని అసలు అర్థం తెలియదు. నోటితో చెప్పిన డైలాగును మైకు అందుకుంటుంది. చెయ్యి ఊపితే చివరి వరుస దాకా కనిపిస్తుంది. కన్నుకు మైకు లేదు. దాన్ని వెనుక బెంచీ దాకా మోసుకుపోవలసినవి వెలుతురూ, రంగూ మాత్రమే.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. రెండేళ్ళ క్రితం వార్షికోత్సవానికి ప్రహ్లాద నాటకం వేశాం. లీలావతి వేషం కట్టిన అమ్మాయిది భూపాలపల్లి దగ్గర ఊరు. మంచి నటి. కొడుకును ఏనుగులతో తొక్కించమని భర్త ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఆమె మాట లేకుండా చూసే చూపు ఒకటుంది. రిహార్సల్సులో ఆ చూపుకు మా అందరికీ గొంతు పట్టుకునేది. మేకప్ బాధ్యత నాది. అందరికీ వేసినట్టే ఆమెకూ కళ్ళచుట్టూ ముదురు రంగు దట్టంగా వేసి, పైన కాటుక దిద్దాను. బొగ్గుగనిలో షిఫ్టు దిగి బస్సెక్కి వచ్చిన వాళ్ళ నాన్న, హాలు నిండిపోవడంతో చివరి వరుస వెనుక నిలబడి చూశాడు. నాటకం అయ్యాక, "మంచిగ చేసినవు బిడ్డా. గని నీ కండ్లే అగుపడలే. ఎప్పుడు ఏడ్సినవో తెల్వలే" అన్నాడు. ఆమె నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. తరువాత ఫోటోలు చూస్తే కళ్ళుండవలసిన చోట రెండు నల్లని గుంటలు! ఆమెవి లోతు కళ్ళు. లోతును నేను ఇంకా లోతు చేశానన్నమాట.

ఆ తప్పు ఎందుకు జరిగిందో తెలుసుకుంటూ నేర్చుకున్నదే ఈ పాఠం.

మన చిందు వాళ్ళను చూడండి

ఈ విద్య కోసం మనం బొంబాయి దాకా పోనక్కరలేదు. జనగామ ప్రాంతం ఆటపాటలకు పుట్టినిల్లు. పాలకుర్తి సోమనాథుని ఊరు, పోతన గారి బమ్మెర రెండూ అక్కడివే. అదే జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య గారు అయిదు దశాబ్దాలకు పైబడి చిందు యక్షగానం ఆడుతున్న కళాకారులు. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చిందు ఆట రాత్రంతా ఊరి నడుమ సాగేది. పూర్వం దివిటీలు, తరువాత గ్యాసుబత్తీలు, ఇప్పుడు కరెంటు దీపాలు. ముఖానికి పసుపుపచ్చని అర్దళం, ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు మసి. ఆ మసక వెలుతురులో పచ్చటి ముఖం మీద నల్లటి గీతలతో దిద్దిన కన్ను ఎంత దూరానికైనా ఆనేది. అలంకారం కోసం మాత్రమే కాదు, దూరం కోసం, చీకటి కోసం పుట్టిన మేకప్ అది. నాట్యశాస్త్రం వేషధారణను 'ఆహార్యం' అని అభినయంలోనే చేర్చింది. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు మూలవర్ణాలని చెప్పి, వాటి కలయికతో తక్కిన రంగులు చెయ్యమంది. అదే గ్రంథం 36 రకాల చూపులను లెక్కపెట్టింది. కనిపించని కన్నుకు ముప్పయ్యారు చూపులుండి ఏం లాభం?

అసలు సూత్రం

కంటిరెప్పల రంగు, అదే ఐషాడో, ఎన్ని డబ్బాల్లో దొరికినా దాని వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. లేత రంగు పూసిన చోటు ముందుకు వచ్చినట్టు, ముదురు రంగు పూసిన చోటు వెనక్కు పోయినట్టు కనిపిస్తుంది. మెరుపు ఉన్న రంగు ఇంకా ముందుకు వస్తుంది, మెరుపులేనిది అణిగి ఉంటుంది.

దీనికి తోడు ఇంకొక సంగతి. భూపాలపల్లిలో షిఫ్టు దిగి వచ్చే గని కార్మికుణ్ణి గమనించండి. రెప్పవెంట్రుకల మొదట్లో సన్నగా బొగ్గుపొడి నిలుస్తుంది. కాటుక పెట్టినట్టే ఉంటుంది. ఆ సన్నని నలుపు పక్కన తెల్లగుడ్డు మరింత తెల్లగా, కన్ను పెద్దగా తోస్తుంది. అదే నలుపు కంటిగుంట అంతా పరచుకుంటే కన్ను లోపలికి పోతుంది. సన్నని నలుపు కన్నును పెంచుతుంది, వెడల్పాటి నలుపు కన్నును మింగుతుంది. నేను చేసింది ఈ రెండవది.

ముందు మీ కన్నును తెలుసుకోండి

అద్దం కంటి ఎత్తులో పెట్టి, తల వంచకుండా, ఎత్తకుండా సూటిగా చూడండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రెండు కళ్ళ మధ్య ఇంకొక కన్ను పట్టేంత చోటు ఉందా? పైరెప్ప మీద మడత కనిపిస్తున్నదా, చర్మం కిందికి జారి దాన్ని కప్పేసిందా? బయటి కొస పైకి ఉందా, కిందికి వాలిందా? పక్కనుంచి చూస్తే కన్ను కనుబొమ ఎముక కంటె లోపలికి ఉందా, ముందుకు ఉబ్బిందా?

ఒకే మనిషికి రెండు లక్షణాలు ఉండవచ్చు. కుడి ఎడమ కళ్ళు అచ్చం ఒకేలా ఉండటం కూడా అరుదు. కాబట్టి కంగారు పడకండి.

లేత, నడిమి, ముదురు అని మూడు రంగులు చాలు. మన ఛాయలకు లేతకు గంధపు రంగు, నడిమికి ఇటుక లేక కాఫీపొడి రంగు, ముదురుకు నల్లకాఫీ రంగు చక్కగా కుదురుతాయి. బ్రష్షు లేకపోతే ఉంగరపు వేలు చాలు, దాని ఒత్తిడి తక్కువ. ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలియకుండా అంచులు కలపడమే పనితనం.

ఏ కంటికి ఏ పద్ధతి

1. కోలకళ్ళు: రెప్ప మీద లేత, మడతలో నడిమి, బయటి కొసన ముదురు. సవరించవలసింది ఏమీ లేదు.

2. గుండ్రటి కళ్ళు: రెప్ప నడుమ మెరుపు పెట్టవద్దు, ఇంకా గుండ్రమవుతుంది. బయటి మూడో వంతులో ముదురు వేసి కణత వైపు లాగండి. కాటుక గీతను కొస దాటించండి.

3. లోతు కళ్ళు: రెప్ప అంతా లేత రంగు. నడిమి రంగును మడతలో కాకుండా దానికి కొంచెం పైన, ఎముక మీద వేయాలి. గీత సన్నగా ఉండాలి. ముదురు రంగు కొసన చిటికెడు మాత్రమే.

4. ఉబ్బు కళ్ళు: దీనికి సరిగా తలకిందులు. మెరుపులేని నడిమి రంగును రెప్పవెంట్రుకల మొదటి నుంచి రెప్ప నిండా వేసి, పైకి పోయేకొద్దీ పలచబరచండి. లేత రంగు కనుబొమ కింద మాత్రమే.

5. మడత కప్పిన కళ్ళు: కన్ను మూసి వేసిన రంగు తెరవగానే మాయమవుతుంది. అందుకని కన్ను తెరిచి సూటిగా చూస్తూనే, కనిపించే మడతకు కొంచెం పైన నడిమి రంగు గుర్తు పెట్టి, తరువాత మూసి కలపండి. రెప్ప మీద గీత సన్నగా ఉండాలి, లేకపోతే ఉన్న కాస్త చోటూ అదే తినేస్తుంది.

6. కొస వాలిన కళ్ళు: గీతను కంటి చివరిదాకా తీసుకుపోకుండా కొంచెం ముందే పైకి తిప్పండి. ముదురు రంగు కూడా పైకే పోవాలి. కింది రెప్ప బయటి కొసన నలుపు వద్దు. కాని దుఃఖంలో ఉన్న పాత్ర అయితే ఆ వాలును అలాగే ఉంచండి. అది దేవుడిచ్చిన మేకప్.

7. దగ్గర కళ్ళు, ఎడం కళ్ళు: దగ్గరగా ఉంటే ముక్కు వైపు లేత, బయట ముదురు. ఎడంగా ఉంటే ముదురును ముక్కు వైపుకు తెచ్చి, కాటుకను లోపలి కొస దాకా దిద్దాలి.

8. చిన్న కళ్ళు: కింది రెప్ప లోపలి అంచున కాటుక నింపితే ఇంకా చిన్నవవుతాయి. స్టేజీకి అయితే గీతను రెప్పవెంట్రుకలకు కొంచెం కిందుగా వేసి, మధ్యన వదిలిన చోట లేత రంగు అద్దండి. దూరం నుంచి అదీ తెల్లగుడ్డులో భాగంగానే కనిపిస్తుంది.

ఇంకొక మాట. ఈ జాబితాలో ఏదీ లోపాల పట్టిక కాదు. ముసలి వేషానికి లోతు కళ్ళే కావాలి. పాతికేళ్ళ కుర్రవాడికి కంటిగుంటలో ముదురు, కింద సంచి దగ్గర ఒక నీడ, ఆ నీడ పైన ఒక లేత గీత పెడితే అరవై ఏళ్ళు వస్తాయి. మనం చేసేది కన్నును దిద్దడం కాదు, పాత్రకు కావలసిన కన్నును చూపించడం. అట్లాగే నల్లగా ఉన్న పిల్లకు ముందు తెల్ల పౌడరు దట్టించే అలవాటు మన గ్రీన్ రూముల్లో ఇంకా పోలేదు. దానివల్ల ముఖం బూడిద పట్టినట్టు అవుతుంది, ఆ బూడిద మీద ఏ రెప్పరంగూ నిలవదు. ఛాయకు తగిన బేసు వాడండి. నల్లని ముఖం మీద రాగి, బంగారు రంగులు పలికినట్టు ఇంకెక్కడా పలకవు.

వెలుతురు చేసే మోసం

రంగు డబ్బాలో ఉన్నట్టు స్టేజీ మీద ఉండదు. ఎర్రలైటు కింద ఎరుపు చర్మంలో కలిసిపోతుంది, ఆకుపచ్చ, నీలం నల్లబడతాయి. నీలిలైటు కింద ఎర్రని రెప్ప నల్లగా దెబ్బ తగిలినట్టు కనిపిస్తుంది. సినిమా వాళ్ళకూ ఈ పాట్లు తప్పలేదు. పూర్వపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టలేక నల్లగా చూపేది. 1920ల చివర పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వాడకం పెరిగాక మేకప్ రంగులన్నీ మార్చుకోవలసి వచ్చింది.

తలపై నుంచి పడే దీపం కనుబొమ నీడను కంటిలో పడేస్తుంది. లోతు కళ్ళవాళ్ళకు ఇది రెట్టింపు కష్టం. అటువంటప్పుడు మేకప్ కంటె ముందు ఎదురుగా, కొంచెం కిందుగా ఒక లైటు అడగండి. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చిన మన చెల్లెళ్ళు లంబాడీ నృత్యం చేసేటప్పుడు అద్దాల బట్టలే బోలెడంత మెరుస్తాయి. కంటికి మళ్ళీ మెరుపు వద్దు, మెరుపులేని రంగులే చూపును నిలబెడతాయి.

కంటితో ఆటలొద్దు

అర్దళం ఆర్సెనిక్ గల ఖనిజం. ఇంగిలీకంలో పాదరసం ఉంది. పాతవాళ్ళు వాడారని మనం వాడకూడదు. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది, అవీ వద్దు. మన గ్రీన్ రూములో పది మందికి ఒకే కాటుక పుల్ల తిరుగుతుంది. ఒకరికి కండ్లకలక ఉంటే పరీక్షల నాటికి బ్యాచి అందరికీ అంటుతుంది. ఎవరి పుల్ల వాళ్ళకుండాలి. గంధపు రంగు, ఇటుక రంగు పేర్లు చెప్పానని వంటింటి పొడులు, కుంకుమ రెప్పలకు పూయకండి. కంటికని తయారు చేసినవే వాడాలి. కొత్త రంగును ముందురోజు మోచేతి మడతలో రాసి చూడండి. లెన్సులు వాడేవాళ్ళు మేకప్‌కు ముందే పెట్టుకుని, తుడిచే ముందే తియ్యాలి. ఆట అయ్యాక కొబ్బరినూనె దూదితో మెల్లగా, రుద్దకుండా తుడవండి. రంగుతో నిద్రపోవద్దు.

చివరి వరుస పరీక్ష

నిరుడు అదే అమ్మాయి మళ్ళీ వేషం కట్టింది. ఈసారి రెప్పకు గంధపు రంగు, ఎముక మీద ఇటుక రంగు, సన్నని గీత, ఎదురుగా ఒక లైటు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. తెర లేవడానికి గంట ముందు ఆమెను స్టేజీ మీద నిలబెట్టి నేను వెళ్ళి చివరి వరుస వెనుక, వాళ్ళ నాన్న నిలబడిన చోటే నిలబడ్డాను. "ఒక్కసారి ఏడువు" అని కేకేశాను. ఆమె మాట లేకుండా చూసింది. అది నాకు అందింది.

ఈ ఏడు మేకప్ బాధ్యత తీసుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేను చెప్పేది ఇంతే. అద్దంలో చూసి మేకప్ ముగించకండి. హాలు చివరికి నడిచి చూడండి. బస్సు ఆలస్యమై కుర్చీ దొరకని మనవాళ్ళు నిలబడేది అక్కడే.