పాత బండికి క్రొత్త బ్రేకులు

1947వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో షెవ్రొలే సంస్థ యొక క్రొత్త వరుస సరకుబండ్లను విపణికి తెచ్చెను. ముందు భాగమున ఇద్దరు ముగ్గురు కూర్చుండుటకు గది, దాని వెనుక పైకప్పు లేని తొట్టి కలిగిన బండ్లను పికప్పులని అందురు. ఆ వరుసలోని చిన్న పికప్పునకు 3100 అను సంఖ్యయే పేరైనది. 1955వ సంవత్సరపు తొలి మాసముల వరకు దానిని తయారుచేసిరి. రైతులు గడ్డిమోపులను, వడ్రంగులు తమ పనిముట్లను, అంగళ్ళవారు సరకులను అందు వేసికొని పోయెడివారు. ఉబ్బిన బుగ్గలవంటి ముందు రెక్కలును, గుండ్రని దీపములును గల ఆ బండి చూడముచ్చటగా నుండును. కావుననే అనేకులు నేటికిని దానిని తుడిచి, రంగు వేసి, ప్రీతితో కాపాడుకొనుచున్నారు.

చూచుట వేరు, నడపుట వేరు. ఆ బండి పుట్టిన కాలమున పల్లెబాటలపై గంటకు 60, 70 కిలోమీటర్ల వేగమే దానికి సహజమైన నడక. 1956వ సంవత్సరమున అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకము చేసిన శాసనముతో అమెరికాలో రాష్ట్రములను కలుపు మహామార్గముల నిర్మాణము విస్తారముగా సాగెను. నేడు ఆ మార్గములపై వాహనములు గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగమున పోవుచున్నవి. ముందు పోవు క్రొత్త కారు హఠాత్తుగా ఆగినచో, వెనుక వచ్చు పాత పికప్పు కూడ ఆగవలెను గదా! బండి మారలేదు, బాట మారినది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తియు రెట్టింపగునని పలువురు తలంతురు. అది సరికాదు. గతిశక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. కావున వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. బండి బరువు నడపువానితో కలిపి 1,500 కిలోగ్రాములనుకొన్నచో, గంటకు 50 కిలోమీటర్ల వేగమున దాని గతిశక్తి సుమారు 1,45,000 జౌళ్ళు. 100 కిలోమీటర్ల వేగమున సుమారు 5,80,000 జౌళ్ళు. ఈ రెండవ శక్తితో 30 డిగ్రీల వేడి గల దాదాపు రెండు లీటర్ల నీటిని మరుగునంతటి వేడికి తీసికొని రావచ్చును. పొయ్యిమీద కొన్ని నిమిషములు పట్టు ఆ పనిని బ్రేకులు నాలుగైదు సెకండ్లలో చేయవలెను. బ్రేకనగా చలనమును వేడిగా మార్చు యంత్రము. ఆ వేడిని గాలిలోనికి ఎంత త్వరగా విడువగలిగినచో అది అంత మంచి బ్రేకు.

3100 బండికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండెను. డ్రమ్మనునది చక్రముతోపాటు తిరుగు ఇనుప గిన్నెవంటిది. దాని లోపల అర్ధచంద్రాకారము గల రెండు దిమ్మలుండును. పెడలు త్రొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని నూనె గొట్టముల గుండ పోయి, ఆ దిమ్మలను డ్రమ్ము గోడకు ఒత్తును. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకును సమముగా ప్రసరించునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ కనుగొనిన సూత్రమే దీనికి ఆధారము. ఈ యేర్పాటు చెడ్డది కాదు. తిరుగుచున్న డ్రమ్ము ముందరి దిమ్మను తనవైపు లాగికొనుట వలన పాదమునకు కొంత శ్రమ తగ్గును కూడ. కాని పొడవైన కనుమ దిగునప్పుడు మాటిమాటికి బ్రేకు వేసినచో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి దిమ్మలకు దూరముగా జరుగును. దిమ్మల పట్టును సన్నగిల్లును. పెడలు క్రిందికి పోవుచుండును. బండి మాత్రము ఆగదు. డ్రమ్ములోనికి నీరు చేరినప్పుడును పట్టు తగ్గును.

డిస్కు బ్రేకు దీనికి భిన్నమైనది. అందు చక్రముతో తిరుగు ఇనుప పళ్ళెమును ఇరుప్రక్కలనుండి రెండు దిమ్మలు పట్టకారు వలె నొక్కును. పళ్ళెము గాలికి తెరచియుండుటచే త్వరగా చల్లారును. వేడికి అది దళసరియైనను దిమ్మల వైపునకే పెరుగును గాని వానికి దూరము కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే ఇట్టి బ్రేకునకు హక్కు పత్రము పొందెను. 1953లో ఫ్రాన్సు దేశమున లె మాన్ నగరమునందు జరిగిన ఇరువదినాలుగు గంటల పందెములో డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన పిదప లోకము దృష్టి వానిపై పడెను. షెవ్రొలే చిన్న పికప్పులకు ముందు చక్రములయందు డిస్కులు సాధారణముగా అమర్చుట 1971 నమూనాలతో మొదలయ్యెను.

పాత బండిని బాగుచేయించు వారిలో అనేకులు మొట్టమొదట దానికి బలమైన క్రొత్త ఇంజను పెట్టించుటకు ఉవ్విళ్ళూరుదురు. ఇది తలక్రిందుల పద్ధతి. పరుగెత్తు శక్తి కంటె ముందు నిలుచు శక్తి కావలెను. ఇందులో కూడ మొదట చేయవలసిన మార్పు డిస్కు కాదు. 3100 బండిలో మాస్టరు సిలిండరు నడపువాని కాళ్ళక్రింద, నేలపలక అడుగున నుండును. దాని లోపలి గది ఒక్కటే. నాలుగు చక్రములకును నూనె ఆ యొక్క గదినుండియే పోవలెను. ఎచ్చటనో ఒక గొట్టము తుప్పుపట్టి పగిలినచో నాలుగు బ్రేకులును ఒక్కసారిగా పోవును. రెండు గదుల సిలిండరు అమర్చినచో ముందు చక్రములకొక గది, వెనుక చక్రములకొక గది యేర్పడును. ఒకటి ఖాళీయైనను రెండవది బండిని ఎట్లో ఒకట్లు ఆపును. షెవ్రొలే సంస్థయే 1967 నమూనా పికప్పులలో ఈ యేర్పాటు చేసెను. అందమునకు ఇందులో ఏమియు లేదు, పైకి కనబడదు, ఎవరును మెచ్చుకొనరు. అయినను ప్రాణము కాపాడు మార్పులలో దీనికి సాటియైనది అరుదు.

ఆ తరువాత ముందు చక్రములకు డిస్కులు అమర్చవచ్చును. ఒక భాగమును మార్చినచో దానితో సంబంధించిన మరి నాలుగు భాగములను సవరింపక తప్పదు. డ్రమ్మువలె డిస్కు దిమ్మను తనంతట లాగికొనదు. కావున దానికి హెచ్చు ఒత్తిడి కావలెను. అందులకై ఇంజను పీల్చుగొట్టములోని శూన్యత సాయముతో పాదపు బలమును పెంచు బూస్టరును కలుపుదురు. మాస్టరు సిలిండరు కొలతయు దీనికి తగినట్లుండవలెను. అడ్డుకొలత చిన్నదైనచో ఒత్తిడి పెరుగును గాని పెడలు దూరము పోవును. పెద్దదైనచో పెడలు గట్టిపడి రాయివలె నుండును. సిలిండరు చక్రపు బ్రేకుల కంటె దిగువన నుండుటచే నూనె వెనుకకు జారకుండ గొట్టములో చిన్న కవాటము కూడ పెట్టుదురు. డిస్కులకైనచో చదరపు అంగుళమునకు 2 పౌనుల ఒత్తిడిని, డ్రమ్ములకైనచో 10 పౌనుల ఒత్తిడిని అది నిలుపును. ఈ రెంటిని తారుమారు చేసినవాని బండిలో డిస్కు దిమ్మలు ఎప్పుడును రాచుకొనుచు, దారి పొడవున కాలుచుండును.

పికప్పునకు ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. దాని బరువంతయు ముందుననే యుండి తొట్టి ఖాళీగా నుండును. బ్రేకు వేసినప్పుడు ఉన్న బరువు కూడ ముందునకే ఒరుగును. వెనుక చక్రములపై భారము తగ్గి, అవి తిరుగుట మాని జారుటకు సిద్ధపడును. వెనుక చక్రములు జారినచో బండి తోక త్రిప్పి అడ్డముగా తిరుగును. తడిసిన బాటపై ఇది మిక్కిలి భయంకరము. కావున వెనుకకు పోవు ఒత్తిడిని తగ్గించు కవాటమును అమర్చి, ముందు చక్రముల తరువాతనే వెనుకవి పట్టునట్లు సరిచేయుదురు. బ్రేకు ఆపునది చక్రమును మాత్రమే. బండిని ఆపునది చక్రమునకును నేలకును గల పట్టు.

ఆ పట్టు నిలుచుట చక్రమును నేలకు ఒత్తియుంచు కమానులపై ఆధారపడియుండును. జట్కాబండి క్రింద వంపుగా పేర్చిన ఉక్కు పట్టీల కట్టను చూచినవారికి 3100 బండి కమానులను వర్ణించి చెప్పనక్కర లేదు. కట్ట బరువును మోయును, కుదుపును మింగును. కాని మింగిన దానిని వెంటనే తిరిగి కక్కును. అందుచే బండి ఊయల వలె ఊగును. ఆ ఊపును అణచుటకు షాక్ అబ్సార్బరు కావలెను. అరిగిన అబ్సార్బరు గల బండిలో చక్రము గతుకుపై ఎగిరి క్షణకాలము గాలిలో నుండును. గాలిలో నున్న చక్రమునకు ఎంత గొప్ప బ్రేకున్నను ఏమి ఉపయోగము?

ముందు చక్రములు రెండును ఒకే ఇనుప ఇరుసుపై నుండుటచే ఒకటి రాతిపై ఎక్కినచో రెండవదియు ఒరుగును. ఇది ఆ యేర్పాటులోని లోపమే. కాని సగము బండ్లలోని తూలుడుకు నిజమైన కారణము ఇరుసు కాదు, అరిగిన భాగములు. చక్రము మలుగు చోటనున్న కింగుపిన్నులు వదులైనచో, కమాను కొసలయందలి బుషింగులు అరిగినచో, బండి తిన్నని బాటపై కూడ అటునిటు పోవును. వానిని మార్చి, కొవ్వు పట్టించి, గొట్టపు ఆకారము గల క్రొత్త అబ్సార్బరులను బిగించి, రేడియల్ టైర్లు వేసినచో పాత ఇరుసుతోనే ఆ బండి మర్యాదగా నడచును.

అంతటితో తృప్తిపడనివారు ముందు ఇరుసును తీసివేసి, రెండు చక్రములును వేరువేరుగా కదలు ఏర్పాటును చట్రమునకు అతుకుదురు. 1974 నుండి 1978 వరకు వచ్చిన ఫోర్డు మస్టాంగ్ రెండవ నమూనాలోని ముందు భాగమే ఇట్టి అమరికలకు మాదిరియైనది. షెవ్రొలే బండి క్రింద ఫోర్డు అమరిక చేరుట విధి విలాసమే! ఇది గొప్ప మార్పే గాని చిన్న పని కాదు. చట్రము ఇరుప్రక్కల కొలతలు సరిచూడక అతికినచో చక్రములు ఎన్నటికిని తిన్నగా నిలువవు. అతుకు విడిపోయినచో చక్రమే విడిపోవును. నేర్పరి కాని వాని చేతికి ఈ పని ఇచ్చుటకంటె పాత ఇరుసునే ఉంచుకొనుట మేలు.

వెనుక కమాను కట్టలోని పట్టీలను కొన్నిటిని తీసివేసినచో ఖాళీ బండి మెత్తగా నడచును; కాని మోయగల బరువు తగ్గును. ఆ సంగతి మరచి తొట్టినిండ ఇసుక నింపినచో కట్ట విరుగును. పాత బ్రేకు దిమ్మలలో రాతినార కలిసియుండుట కద్దు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. కావున డ్రమ్ము విప్పినప్పుడు దుమ్మును నోటితో గాని గాలిపంపుతో గాని ఊదరాదు, తడిపి తుడువవలెను.

పని ముగిసిన తరువాత గొట్టములలోని గాలిబుడగలను తీసివేయవలెను. ద్రవము నొక్కినను నలుగదు, గాలి నలుగును. ఒక్క బుడగ మిగిలినను పెడలు మెత్తబడును. అటుపిమ్మట బండిని బాటపైకి గాక ఖాళీ మైదానమునకు తీసికొనిపోవుదురు. మొదట నడకవేగమున, తరువాత గంటకు 20 కిలోమీటర్ల వేగమున, పిదప 40 కిలోమీటర్ల వేగమున ఆపి చూతురు. ప్రతి మారును దిగి, చక్రముల లోపలి అంచులు తడిసెనేమో పరీక్షింతురు. నేలపై చక్రపు జాడలు తిన్నగా నున్నవో, ఒక ప్రక్కకు లాగినవో కొలుతురు. జాడలు వంకరగా నున్నచో పనిముట్లు మరల బయటికి వచ్చును, బండి మరల దిమ్మెలపైకి ఎక్కును.