హద్దు గీత – ఓటు విలువ

ప్రజాస్వామ్యానికి తొలి మెట్టు గ్రామ పంచాయతీ. ఏ వీధి ఏ వార్డులో చేరాలి, ఏ తండా ఏ పంచాయతీలో ఉండాలి అనే నిర్ణయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కాని సభలో ఎవరి మాట చెల్లుతుందో నిశ్చయించేది ఆ హద్దే.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలోని వార్డుల జనాభా వీలైనంతవరకు సమానంగా ఉండాలని నిర్దేశించింది. ఒక వార్డులో 600 మంది, మరొక దానిలో 200 మంది ఉండి, రెండింటికీ ఒక్కొక్క సభ్యుడే ఉంటే, మొదటి వార్డువారి ఓటు విలువ మూడవ వంతుకు పడిపోతుంది. అందుచేత జనాభా మారినప్పుడు హద్దులను పునఃపరిశీలించడం అవసరమవుతుంది.

తెలంగాణలో అనేక లంబాడీ తండాలు చిరకాలం పొరుగు గ్రామ పంచాయతీలలో భాగంగా ఉండేవి. ఓట్లు తక్కువ కావడంతో పంచాయతీలో వాటి గొంతు బలహీనంగా ఉండేది. 2018లో హద్దులను సవరించి, సుమారు 500 జనాభా గల తండాలను, గూడేలను ప్రత్యేక పంచాయతీలుగా ఏర్పరచారు. దానితో రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. 2019 జనవరిలో ఈ కొత్త పంచాయతీలకు తొలి ఎన్నికలు జరిగాయి.

అయితే చిన్న పంచాయతీకి పన్నుల రాబడి స్వల్పం. హద్దు మారితే హక్కు లభిస్తుంది. ఆ హక్కు ఫలించాలంటే నిధులు, గ్రామసభలో ప్రజల చురుకైన భాగస్వామ్యం తోడు కావాలి.