లాంగ్ టర్మ్‌కు లేని అభ్యంతరం పనికెందుకు?

నీట్‌లో ర్యాంకు రాకపోతే పిల్లల్ని మరో ఏడాది లాంగ్ టర్మ్‌లో చేర్పించడానికి మన తల్లిదండ్రులు పెద్దగా వెనకాడరు. బీటెక్ పూర్తయ్యాక అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులకో, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కో పోయే ఏళ్లను ఎవరూ దండగ అనరు. అదే విద్యార్థి రెండో ఏడాది అయ్యాక ‘ఈ బ్రాంచి నాకు సరిపడేలా లేదు, ఏడాది పని చేసి చూస్తా’ అంటే ఇల్లంతా గగ్గోలు. విరామానికి పరీక్ష పేరుంటే సరే, పని పేరుంటే తప్పు. ఈ లెక్క తలకిందులుగా ఉందన్నదే నా వాదన.

బ్రాంచి ఎంపిక ఎలా జరుగుతోందో చూడండి. పదిహేడేళ్ల వయసులో ఎప్‌సెట్ ర్యాంకు చేతపట్టుకుని వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటే వచ్చిన సీటు అది. సివిల్ ఇంజినీరు సైటులో ఏం చేస్తాడో, టెస్టింగ్ ఉద్యోగి రోజు ఎలా గడుస్తుందో అప్పటికి తెలిసే అవకాశమే లేదు. ఆ సంగతి క్లాసులో తేలేది తక్కువ, పనిలో తేలేదే ఎక్కువ. ఇష్టంలేని చదువును బ్యాక్‌లాగులతో ఈడ్చి, పట్టా పుచ్చుకున్నాక వేరే దారి వెతుక్కుంటే పోయేది ఒక్క ఏడాది కాదు. పైగా నిబంధనలు మనం అనుకున్నంత కఠినంగా లేవు. 2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ పూర్తికి ఎనిమిదేళ్ల గడువిస్తోంది. స్టార్టప్ పెట్టే విద్యార్థికైతే రెండో ఏడాది తర్వాత గ్యాప్ ఇయర్ వెసులుబాటూ ఉంది.

‘జీతం రుచి మరిగితే మళ్లీ కాలేజీ ముఖం చూడడు’ అన్నది పెద్దల భయం. కొట్టిపారేయదగ్గది కాదు. డెలివరీ బండి మీదో, కాల్ సెంటర్‌లోనో చేరితే నాలుగు డబ్బులొస్తాయి గానీ కెరీర్ ప్రశ్నకు జవాబు దొరకదు, తిరిగొచ్చే తేదీ జరిగిపోతూనే ఉంటుంది. ఏ రంగం మీద సందేహమో ఆ రంగంలోనే, చిన్న పనైనా సరే, చేయాలి. డిజైన్ మీద మనసుంటే ప్రింటింగ్ యూనిట్‌లో సహాయకుడిగా చేరినా నేర్చుకునేది ఉంటుంది. అలాంటి పని ముందే కుదరకపోతే కాలేజీ మానొద్దు.

కంపెనీలు గ్యాప్ చూసి పక్కన పెడతాయన్న మాట కొంతవరకు నిజం. టీసీఎస్ ఫ్రెషర్ ప్రకటనల్లో చదువులో మొత్తం విరామం 24 నెలలు దాటకూడదన్న షరతు కనిపిస్తుంది. డిగ్రీ మధ్యలో గ్యాప్‌ను అసలే ఒప్పుకోని కంపెనీలూ ఉన్నాయి. క్యాంపస్ ప్లేస్‌మెంటే లక్ష్యమైనవాళ్లకు ఈ దారి నేను చెప్పను. వాళ్లు వేసవి ఇంటర్న్‌షిప్‌తోనే సందేహం తీర్చుకోవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు చిక్కు ఇంకా ఎక్కువ. తిరిగొచ్చాక అది కొనసాగుతుందో లేదో తేల్చుకోకుండా అడుగేస్తే భారమంతా ఇంటి మీదే పడుతుంది. విద్యారుణం ఉన్నవాళ్లు వాయిదాల గడువు పొడిగింపు గురించి ముందే బ్యాంకుతో మాట్లాడాలి.

ఈ లెక్కలన్నీ చూసుకున్నాక కూడా ఆగాలనిపిస్తే చెప్పాపెట్టకుండా క్లాసులు మానకండి. హాజరు తగ్గితే రికార్డుల్లో మిగిలేది డిటెన్షనే. ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చి, తిరిగి చేరే సెమిస్టర్ ఏదో, అప్పటికి ఏ రెగ్యులేషన్ వర్తిస్తుందో, అదనంగా ఏ సబ్జెక్టులు రాయాల్సి వస్తుందో కాగితం మీద రాయించుకున్నాకే పనిలో చేరండి.