‘సరే సార్’ అంటే సరిపోదు

ఉద్యోగంలో బాగా మాట్లాడాలంటే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరాలని మనలో చాలామంది నమ్మకం. చేరండి, మంచిదే. కానీ హైదరాబాద్ దగ్గరి తుర్కపల్లిలో పనిచేసేవాళ్లు అంతకంటే ముందు నేర్చుకోవలసినవి రెండున్నాయి. విన్నమాటను తిరిగి అప్పజెప్పడం ఒకటి, అర్థంకానప్పుడు అక్కడికక్కడే అడగడం మరొకటి.

1999లో జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ కేంద్రం ఇక్కడ మొదలయ్యాక ఈ ప్రాంతం రూపే మారింది. నాలెడ్జ్ పార్క్ వచ్చింది. కోవాగ్జిన్ టీకా తయారుచేసిన భారత్ బయోటెక్ ఇక్కడిదే. ఇలాంటి చోట పీహెచ్‌డీ చేసిన సైంటిస్టు, పక్క ఊరి ఐటీఐ కుర్రాడు, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన హెల్పర్ ఒకే కప్పు కింద పనిచేస్తారు. క్లీన్‌రూమ్‌లో ఒళ్లంతా గౌను, మూతికి మాస్కు, చెవుల్లో యంత్రాల హోరు. ఎదుటివాళ్ల పెదవులు కనపడవు. ‘ఫిఫ్టీన్’ అన్నది ‘ఫిఫ్టీ’ అని వినపడితే ఆశ్చర్యం లేదు. అలాంటి చోట ‘సరే సార్’ చాలా ప్రమాదకరమైన జవాబు. విన్నామని చెబుతుందే గానీ ఏం విన్నామో చెప్పదు.

షిఫ్ట్ మారే వేళ చూడండి. బయట బస్సు హారన్ కొడుతుంటుంది. ‘‘అన్నా, అంతా ఓకే. మూడో ట్యాంక్ కొంచెం చూస్కో’’ అనేసి వెళ్లిపోతే, వచ్చినవాడు ఏం చూడాలి? అదే మాట ఇలా చెప్పొచ్చు: ‘‘మూడో ట్యాంక్‌కి వాల్వ్ మార్చినం. ప్రెషర్ టెస్ట్ ఇంకా కాలే. అది నువ్వే చెయ్యాలె.’’ అవతలివాడు వెంటనే, ‘‘మూడో ట్యాంక్, కొత్త వాల్వ్, ప్రెషర్ టెస్ట్ నేను చెయ్యాలె, అంతేనా?’’ అనాలి. ‘‘అంతే’’ అన్నాకే మొదటివాడు కదలాలి. అర నిమిషం పని.

తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డులో ఇలా సరిచూసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. చేసినవారి సంతకం పక్కనే సరిచూసినవారి సంతకం ఉంటుంది. కాగితానికి ఇచ్చిన ఆ గౌరవం నోటిమాటకూ ఇవ్వమనే నేను అడుగుతున్నాను.

విమానయానం ఈ పాఠాన్ని ఘోరమైన మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు జంబోజెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే పరుగందుకున్న విమానంలో ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. సీనియర్ కెప్టెన్ కొట్టిపారేశాడు, ఇంజనీర్ మళ్లీ అడగలేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాత, విమాన సిబ్బంది కలిసి పనిచేసే తీరుపై 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి ఆ దిశగా శిక్షణ మొదలుపెట్టింది. కింది ఉద్యోగి గట్టిగా చెప్పడం, పై అధికారి ఆగి వినడం అందులో ముఖ్యమైన అంశాలు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని ఇళ్లలో నేర్చుకున్న మన పిల్లలకు ఈ అభ్యాసం ఇంకా ఎక్కువ అవసరం.

శిక్షణ అంటే హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం కాదు. ఇద్దరిద్దరిని నిలబెట్టండి, మాస్కులు పెట్టించండి, యంత్రం నడుస్తుండగానే ఒక పని అప్పగించమనండి. రెండోవాడు తిరిగి చెప్పాలి. అప్పగింతలో కావాలనే ఒక తప్పు పెట్టండి, జూనియర్ దాన్ని పట్టుకుని ‘‘సార్, ఒక్క నిమిషం ఆగండి’’ అనాలి. మొదటి రోజు గొంతు పెగలదు. పట్టు వదలకండి, వారం వారం చేయించండి. సూపర్‌వైజర్లను కూడా ఇందులో చేర్చాలి. ‘‘ఇది కూడా తెలీదా?’’ అని నలుగురిలో ఒక్కసారి కసిరితే ఆ కుర్రాడు మళ్లీ నోరు విప్పడు. ‘‘అర్థమైందా?’’ అనే ప్రశ్న కూడా మానేయండి. దానికి అందరూ అవుననే అంటారు. ‘‘ఇప్పుడు నువ్వు ముందుగా ఏం చేస్తావు?’’ అని అడగండి.

యాజమాన్యాలకు ఒక విన్నపం. రెండు షిఫ్టులూ కలిసి ఉండేలా పదిహేను నిమిషాలు కేటాయించండి, ఆ సమయానికి జీతం లెక్కగట్టండి. బస్సు ఆ తర్వాతే బయల్దేరనివ్వండి.