ముందు ప్లేటు చూడు

చిరంజీవి మేనకోడలికి,

మీ చేలో వేరుశనగ మొక్కల మొదట్లోంచి తీసిన మట్టిలో నీకు దొరికిన స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాకి జీనోమ్ సీక్వెన్సింగ్ చేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వచ్చే వారమే శాంపిల్ పంపేస్తావట కదా. వినగానే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే కాస్త బెంగ కూడా పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

పంపేముందు ప్లేటుని ఒకసారి వెలుతురు వైపు పట్టి చూడు తల్లీ. ఈ జీవి కాలనీ సున్నం చల్లినట్టు పైన పొడిపొడిగా ఉంటుంది. కింద అగర్‌లోకి పాతుకుపోయి, లూపుతో గీకినా ఓ పట్టాన ఊడిరాదు. ఆ పొడి మాటున ఇంకో బ్యాక్టీరియా ఉన్నా పైకి తెలియదు. నేను దెబ్బతిన్నది అక్కడే. ఒక్క జీవే అనుకుని ఆరు నెలలు కొలతలు రాసుకున్నాను. ఒకరోజు కాలనీ అంచున నూనె చుక్కలా మెరుస్తున్న చిన్న మచ్చ కనబడింది. స్లయిడ్ మీద పెట్టి చూస్తే బాసిల్లస్! ఆరు నెలల నోట్సూ రెండు జీవులది కలగాపులగం. ఆ రాత్రి అన్నం సయించలేదు. అందుకని విడిగా ఉన్న ఒక్క కాలనీని తీసుకుని, వరసగా మూడుసార్లు స్ట్రీక్ చెయ్యి. ఆఖరి ప్లేటు నుంచే డీఎన్‌ఏకి పెంచు, దాని స్పోర్లే గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచు. రేపు జీనోమ్‌లో ఒక జన్యువు చూసి ముచ్చటపడి ఫ్రీజర్ తెరిస్తే, ఆ జన్యువున్న జీవే చేతికి రావాలి.

డీఎన్‌ఏ తీసేటప్పుడు తొందరపడకు. దీని కణం గోడ మొండిది, లైసోజైమ్‌కి దాని టైము ఇవ్వాల్సిందే. గోడ కరిగాక వోర్టెక్స్ జోలికి పోకు. ట్యూబుని మెల్లగా తలకిందులు చేస్తే చాలు. చల్లటి ఆల్కహాల్ పోయగానే దూది పోగుల్లా తెల్లగా లేస్తుంది చూడు, అది పొడుగు డీఎన్‌ఏ. ఆ పోగులు తెగిపోతే పొడుగు రీడ్లు, అంటే యంత్రం ఒక్క ఊపులో చదివే పొడుగు ముక్కలు, రావు. నీకు కావలసింది పొడుగు రీడ్లే. ఎందుకంటే ఈ జాతి జీనోమ్‌లో నూటికి 70కి పైగా జీ, సీ అక్షరాలే. పీసీఆర్‌తో పెంచితే అలాంటి చోట్లు సరిగా పెరగవు, పొట్టి రీడ్లతో అతికించినప్పుడు అక్కడక్కడా చిల్లులు మిగులుతాయి. పీసీఆర్ లేని లైబ్రరీ కావాలని సీక్వెన్సింగ్ చేసేవాళ్లని గట్టిగా అడుగు. 85 లక్షల అక్షరాల జీనోమ్‌ని 50 సార్లు చదవాలంటే 42.5 కోట్ల అక్షరాలు రావాలి. లెక్క ముందే వేసుకుని వెళ్లు. ఇంకోటి, క్రోమోజోమ్ గుండ్రంగా కలవలేదని కంగారుపడకు. చాలా బ్యాక్టీరియాలకి అది గాజులా ఉంటుంది గానీ, దీనిది రెండు కొసలున్న తాడు.

ఈ జాతిలో అందరికీ తెలిసింది కోయెలికలర్. నీలిరంగు కక్కే జీవి. డేవిడ్ హాప్‌వుడ్ 1950లలో దాని జన్యుశాస్త్రం మొదలుపెట్టాడు. జీనోమ్ అచ్చయింది 2002లో. 86,67,507 అక్షరాలు, 7,825 జన్యువులు. అన్నేళ్లూ ప్లేట్ల మీద చూసి పోల్చుకున్న యాంటీబయాటిక్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. జీనోమ్ తెరిచేసరికి అలాంటి పదార్థాలు చేసే జన్యు గుంపులు 20కి పైనే బయటపడ్డాయి! నీకూ యాంటీస్మాష్ సాఫ్ట్‌వేర్ అలాంటి చిట్టా ఒకటి ఇస్తుంది. మురిసిపో, తప్పులేదు. కానీ ఆ గుంపుల్లో చాలావాటిని నీ జీవి నీ ప్లేటు మీద వాడకపోవచ్చు. ఏ తిండి పెడితే, పక్కన ఏ జీవిని పెంచితే అది నోరు విప్పుతుందో ఏ సాఫ్ట్‌వేరూ నీకు చెప్పదు. అది పోల్చుకునే కన్ను హాప్‌వుడ్ బృందానికి ఉంది కాబట్టే వాళ్లు ఆ అక్షరాలకి అర్థం చెప్పగలిగారు. ఆ కన్ను నీకూ రావాలని నా ఆశ.

ఇక మట్టి వివరాల సంగతి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్న రోజుల్లోనే, అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్త ఒక బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్‌ని పట్టుకున్నాడు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దాన్నుంచే వచ్చింది, 1948లో లోకానికి తెలిసింది. ఆ మట్టి మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బర్న్ పొలంలోది, 23వ మడిలోది. ఇన్నేళ్ల తర్వాత కూడా మడి నంబరుతో సహా చెప్పుకోగలుగుతున్నామంటే ఎవరో రాసిపెట్టబట్టే కదా. నువ్వేమో సంచి మీద 'మా చేను' అని రాసి ఊరుకున్నావట! బావని అడిగి సర్వే నంబరు, ఏ మూల తవ్వింది, ఎంత లోతు, అప్పటికి వాన పడి ఎన్నాళ్లయింది, అన్నీ ఈ రోజే నోటుబుక్కులోకి ఎక్కించు.

మూడో స్ట్రీక్ ప్లేటు ఫోటోలు నాకు పంపు. పైనుంచి ఒకటి, తిరగేసి అడుగు నుంచి ఒకటి. రంగు దిగితే అడుగునే బాగా కనబడుతుంది.

మీ మామయ్య