సర్దుకోవలసింది యంత్రమే: పారశీక సూఫీ గానానికి ఎలక్ట్రానిక్ తోడు కట్టేవారికి ఎనిమిది మాటలు

పారశీక సంగీతానికి ఎలక్ట్రానిక్ ధ్వనులు జోడించే పనిలోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. హైదరాబాద్‌లో రికార్డింగ్ నేర్చుకుని లాస్ ఏంజెలెస్ చేరినవాణ్ణి. 1979 విప్లవం తర్వాత ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలెన్నో ఆ ఊళ్లో స్థిరపడ్డాయి. వెస్ట్‌వుడ్ వైపు వీధుల్ని ఇప్పటికీ జనం టెహ్రాంజెలెస్ అంటారు. అక్కడి గాయకులకూ వాద్యకారులకూ మైకులు పెట్టాను, వాళ్ల పాటలు మిక్స్ చేశాను, వాళ్ల దగ్గర కూర్చుని వినడం నేర్చుకున్నాను.

ఈ మధ్య మన పిల్లలు కొందరు రూమీ గజల్‌కి లాప్‌టాప్‌లో బీటు కట్టి నాకు పంపుతున్నారు. ఆ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఈ జోడింపులో సర్దుకోవలసింది యంత్రం. గొంతు, తీగ, పద్యం తమ నడకలో తాము నడవాలి. అది ఎలాగో అనుభవం మీద తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

1. బీటు కట్టేముందు పద్యం చదవండి

పారశీక ఛందస్సు మన ఛందస్సులాగే గురులఘువుల మీద నడుస్తుంది. దాన్ని అరూజ్ అంటారు. రూమీ మస్నవీలో దాదాపు 25 వేల ద్విపదలుంటే, అన్నీ ఒకే వృత్తంలో సాగుతాయి. గజళ్లలో మాత్రం వృత్తాలు మారుతుంటాయి. మీరు ఎంచుకున్న గజల్ ఏ వృత్తంలో ఉందో పారశీకం తెలిసినవారి చేత గట్టిగా చదివించుకోండి. మీరూ చదవండి. పెదవులకు ఆ నడక పట్టుబడ్డాకే లాప్‌టాప్ తెరవండి.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఇష్క్, దూస్త్, యార్ లాంటి మాటలు ఛందస్సులో మామూలు గురువుకంటే బరువైనవి. పాదం మధ్యలో వస్తే గురువు మీద ఒక లఘువు కూడా లెక్కకు వస్తుంది. మాట అయిపోయిందని మీ చెవికి అనిపించిన తర్వాత కూడా ఆ లఘువుకు కాలం మిగిలి ఉంటుంది. గాయకుడు అక్కడ చివరి హల్లును పట్టి వదులుతాడు. లూప్ కోసం ముక్క కోసేవాళ్లు సరిగ్గా అక్కడే కత్తెర వేస్తారు. దాంతో వృత్తం కుంటుతుంది. భాష రానివారికి తెలియకపోవచ్చు గానీ, హాఫిజ్ గజళ్లు కంఠతా వచ్చిన ఇరానీ అమ్మమ్మ చెవికి వెంటనే తగులుతుంది. మీ పాటకు అసలు పరీక్షాధికారి ఆవిడే.

2. దస్త్‌గాహ్‌ను స్కేలు అనుకోవద్దు

షూర్, సేగాహ్, చహార్‌గాహ్, హుమాయూన్, మాహూర్, నవా, రాస్త్-పంజ్‌గాహ్ అని దస్త్‌గాహ్‌లు ఏడు. ఒక్కొక్కదానిలో గూషేలు అనే చిన్న చిన్న స్వరరూపాలు వరసగా వస్తాయి. ఈ మొత్తం కూర్పు పేరు రదీఫ్. మీర్జా అబ్దుల్లా (1843-1918) పరంపరలో వచ్చిన రదీఫ్‌ను ఇప్పటికీ విద్యార్థులు కంఠస్థం చేస్తారు. యునెస్కో 2009లో రదీఫ్‌ను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

సింథ్ వాయించేవాడికి ఇది ఎందుకంటారా? మాహూర్ వినగానే మేజర్ స్కేలులా, మన శంకరాభరణంలా తోస్తుంది. సి మేజర్ కార్డును ప్యాడ్ మీద నొక్కి పెడతారు. కాసేపు బాగానే ఉంటుంది. ఇంతలో గాయకుడు దిల్‌కష్ అనే గూషేలోకి వెళ్తాడు. పాట కేంద్రం జి మీదికి జరుగుతుంది, బి కాస్తా బి ఫ్లాట్ అవుతుంది, ఎ దాదాపు పావు స్వరం కిందికి దిగుతుంది. ఇక్కడ మీ మేజర్ కార్డు ఆయన గొంతుకు అడ్డుపడుతుంది. మన తంబురాలాగా మొదటి నుంచి చివరిదాకా ఒకే శ్రుతి మోగించే ఆచారం ఆ సంగీతంలో లేదు. అందుకే గూషే ఎక్కడ మారుతుందో, ఫురూద్ అనే దిగుడు సంగతి పట్టుకుని ఎక్కడ తిరిగి వస్తుందో ముందే కాగితం మీద రాసుకోండి. ప్యాడ్ ఆ మలుపుల దగ్గర పలచబడాలి, అవసరమైతే ఆగిపోవాలి.

3. శ్రుతి వాద్యకారుడి దగ్గర తీసుకోండి

సగం దించిన స్వరానికి కొరొన్, సగం ఎత్తిన స్వరానికి సొరి అనే గుర్తులు పెట్టినవాడు అలీ నఖీ వజీరీ. సప్తకాన్ని 24 సమాన భాగాలు చేయాలని ఆయన ప్రతిపాదించాడు. చాలా సాఫ్ట్‌వేర్లలో దొరికే పర్షియన్ ట్యూనింగ్ ఆ లెక్కదే. వాద్యకారుల చేతుల్లో మాత్రం ఆ లెక్క నిలవదు. హుర్ముజ్ ఫర్హత్ తన 1990 నాటి గ్రంథంలో ఈ నడిమి అంతరాలు రెండు రకాలని చూపించాడు. ఒకటి సుమారు 135 సెంట్లు, ఇంకొకటి సుమారు 160. సమాన విభజన రెండింటికీ ఒకే 150 అంటుంది. తార్, సెతార్ అనే తీగవాద్యాల మెట్లు కట్టినవే కాబట్టి జరపవచ్చు. ఎవరి చెవిని బట్టి వారు జరుపుకుంటారు.

ఒక సంతూర్ ఉస్తాద్‌తో పని చేసేటప్పుడు ఇది కళ్లారా చూశాను. సంతూర్‌కు 72 తీగలు. తొమ్మిదేసి చొప్పున రెండు వరుసల్లో తీగల్ని ఎత్తి పట్టే ఖరక్‌లు, ఒక్కో ఖరక్ మీద నాలుగు తీగలు. ఆయన ముందు చిన్న సుత్తిలాంటి తాళంచెవితో మేకుల్ని తిప్పుతూ నాలుగు తీగల్నీ ఒక్క గొంతు చేసేవారు. తర్వాత పక్క ఖరక్‌ను వేలితో వెంట్రుకవాసి జరిపేవారు. మళ్లీ మిజ్రాబ్ అనే చిన్న కర్రతో తట్టి, కళ్లు మూసుకుని వినేవారు. "ఉస్తాద్, ట్యూనర్ పెట్టమంటారా?" అని అడిగితే, "నేను సేగాహ్ కడుతున్నానయ్యా. నీ పెట్టెకు సేగాహ్ తెలిస్తే పెట్టు" అన్నారు. అప్పటి నుంచి నా పద్ధతి ఇదే. ముందు సంతూర్ ఒక్కో స్వరాన్నీ రికార్డు చేస్తాను, దాన్ని కొలుస్తాను, ఆ కొలతలనే సింథ్‌లోకి ఎక్కిస్తాను. మామూలు మిడి పిచ్ బెండ్‌తో ఈ పని కాదు. అది చానెల్ మొత్తాన్ని వంచుతుంది కాబట్టి కార్డులోని స్వరాలన్నీ కలిసి జారిపోతాయి. ట్యూనింగ్ పట్టిక తీసుకునే సింథ్ వాడండి, లేదా ఒక్కో స్వరానికి ఒక్కో చానెల్ ఇవ్వండి. లైట్ల వేడికి తీగలు జారుతాయి గనుక విరామం తర్వాత మళ్లీ కొలవండి.

4. ఆవాజ్‌కు క్లిక్ పెట్టవద్దు

పారశీక గానంలో గుండెకాయ ఆవాజ్. అందులో తాళం ఉండదు, పద్యం నడకే లయ. తెలుగువాడికి దీన్ని వివరించడం తేలిక. హరిశ్చంద్ర కాటిసీనులో పద్యం ఎత్తుకున్న నటుణ్ణి తలచుకోండి. అక్కడ హార్మోనిస్టు తాళం వేయడు. నటుడి ఊపిరిని కనిపెట్టి ఉంటాడు. రాగం తీసి ఆపగానే ఆ ఖాళీలో అదే సంగతిని అందుకుంటాడు. ఇరాన్‌లోనూ గాయకుడి వాక్యం అయ్యాక తార్‌వాదకుడో కమాంచెవాదకుడో దానికి బదులు పలుకుతాడు. దాన్ని జవాబ్-ఎ-ఆవాజ్ అంటారు. మన ఎలక్ట్రానిక్ ధ్వని నేర్చుకోవలసిన విద్య అదే.

పని ఇలా చేయండి. గాయకుణ్ణి క్లిక్ లేకుండా పాడనివ్వండి. గొంతు బలాన్ని బట్టి ప్యాడ్ ఫిల్టర్ తెరుచుకుని మూసుకునేలా కట్టండి. గొంతులోంచి తీసిన చిన్న కణాలతో గ్రాన్యులర్ మేఘాన్ని అల్లండి గానీ, ఆయన ఊపిరి తీసుకునే చోట మాత్రమే వినిపించండి. వేదిక మీదైతే వేలితో ట్రిగ్గర్ చేయండి, సీక్వెన్సర్‌కు అప్పగించవద్దు.

5. బీటుకు తన చోటు తనకుంది

తాళమున్న రచనలు ఆ సంప్రదాయంలో కావలసినన్ని ఉన్నాయి. చహార్‌మిజ్రాబ్, తస్నీఫ్, రెంగ్ అలాంటివే. కిక్, బాస్, లూప్ అక్కడ హాయిగా కూర్చుంటాయి. ఇక దఫ్ సంగతి. కుర్దిస్తాన్‌లో ఖానఖాలనే సూఫీ మఠాల్లో, దైవనామస్మరణ అయిన జిక్ర్‌తో పాటు మోగిన ఆ పెద్ద చట్రపు వాద్యాన్ని కచేరీ వేదిక మీద నిలబెట్టడంలో బీజన్ కామ్‌కార్ కృషి గొప్పది. దఫ్ చట్రం లోపల చిన్న ఇనుప రింగులు వరసగా వేలాడుతుంటాయి. దెబ్బకు తోలు గుమ్మంటుంది, రింగులు ఝల్లుమంటాయి. ఆ గుమ్ము మీదే కిక్ పడితే రెండూ కలిసి ముద్దయిపోతాయి. ఆ ఝల్లు మీద హైహ్యాట్ పడినా అంతే. దఫ్ ఉన్న చోట హైహ్యాట్ తీసేయండి. కిక్‌ను దఫ్ కంటే కిందికి దించండి. లాస్ ఏంజెలెస్ పాప్‌లో పెళ్లిళ్లకు వాయించే 6/8 బీటును జిక్ర్ కింద పెట్టకండి. రెండింటి కదలిక వేరు, ఉద్దేశం వేరు.

6. తహ్రీర్‌ను తాకవద్దు

గాయకుడు ఒక అచ్చు మీద నిలబడి, గొంతును తల స్వరంలోకి తటతటా విరుస్తూ తెచ్చే గమకం తహ్రీర్. వినేవాళ్లు దాన్ని బుల్బుల్ పిట్ట పాటతో పోలుస్తారు. ఆటో ట్యూన్ ఆ విరుపుల్ని తప్పులనుకుని చదును చేస్తుంది. కంప్రెసర్‌ను గట్టిగా బిగిస్తే విరుపూ నిలుపూ ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి. రివెర్బ్‌లో ఇంకో ఇబ్బంది. తోక మరీ పొడవైతే పాత గూషే స్వరం ఇంకా గాలిలో ఉండగానే కొత్త గూషే కొరొన్ దాని మీద పడి గరగరమంటుంది. సూఫీ పాట అనగానే అందరి చేయీ గుహంత రివెర్బ్ మీదికి పోతుంది. చిన్న గదిలో, మైకుకు జానెడు దూరంలో పాడిన గొంతుకు ఉండే సాన్నిహిత్యం ఆ గుహలో దొరకదు.

7. మీ ముందు నడిచినవారిని వినండి

ఈ దారి మనం వేసింది కాదు. అలీరెజా మషాయెఖీ 1960ల్లోనే ఇరానీ స్వరలోకానికి ఎలక్ట్రానిక్ ధ్వనులతో ముడి వేశాడు. షీరాజ్ కళోత్సవం కోసం క్సెనాకిస్ రాసిన ఎనిమిది ట్రాకుల టేప్ రచన పర్సెపొలిస్, 1971లో అదే పేరున్న ప్రాచీన నగర శిథిలాల నడుమే మోగింది. దార్యూష్ దౌలత్‌షాహీ తార్, సెతార్లను ఎలక్ట్రానిక్ టేప్‌తో కలిపి చేసిన ఆల్బమ్‌ను ఫోక్‌వేస్ 1985లో విడుదల చేసింది. సూసన్ దెయ్‌హీమ్, రిచర్డ్ హొరోవిట్జ్ జంట గొంతునే ఒక ఎలక్ట్రానిక్ భూదృశ్యంగా మార్చింది.

నియాజ్ బృందం మొదటి ఆల్బమ్ 2005లో వచ్చింది. గాయని ఆజం అలీ టెహ్రాన్‌లో పుట్టి, మన దేశంలో పెరిగి, అమెరికా చేరారు. పారశీకం, ఉర్దూ, తుర్కీ భాషల పాటలు ఆమె గొంతులో ఒకే ఇంటివిలా వినిపిస్తాయి. బీటు నడుస్తున్నా గాత్రం దాని మీద తేలుతూనే ఉంటుంది. సోతే పేరుతో పనిచేసే అతా ఎబ్తెకార్ దీనికి పూర్తిగా వేరే దారి పట్టాడు. 2017లో వచ్చిన అతని ఆల్బమ్‌లో సంతూర్, సెతార్ తీగలు యంత్రంతో పెనుగులాడుతూ వినిపిస్తాయి. అందులో నృత్యం లేదు, ఓదార్పూ లేదు. రెండు దారులూ నిజాయితీగలవే. ఒకే రోజున ఇద్దరినీ వినండి. ఇద్దరి దగ్గరా తీగ స్వరం తన శ్రుతిలోనే ఉండడం గమనించండి.

8. కవికీ గాయనికీ బాకీ తీర్చండి

ఇంటర్‌నెట్‌లో రూమీ పేరున తిరిగే మాటల్లో ఆయన రాయనివి బోలెడు. ఫురూజాన్‌ఫర్ పరిష్కరించిన దీవాన్-ఎ-షమ్స్, నికల్సన్ పరిష్కరించిన మస్నవీ ఉన్నాయి. పాదం వాటిలో ఉందో లేదో చూపించుకోండి. రూమీ (1207-1273) మదరసాలో ధర్మశాస్త్రం బోధించిన పండితుడు. ఆయన ప్రేమ వెనక ఖురానూ నమాజూ ఉన్నాయి. వాటిని చెరిపేసి మత్తు పాటగా అమ్మడం అన్యాయం.

గాయని విషయంలో బాధ్యత ఇంకా పెద్దది. ఇరాన్‌లో కచేరీకైనా ఆల్బమ్‌కైనా సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి. పురుషులున్న సభలో స్త్రీ ఒంటరిగా పాడడం మీద విప్లవకాలం నుంచీ నిషేధం ఉంది. కాబట్టి టెహ్రాన్ నుంచి ఒక అమ్మాయి గొంతు మీకు ఫైలుగా వస్తే, పేరు వేయవచ్చా, ఫోటో పెట్టవచ్చా, ఎప్పుడు విడుదల చేయాలి అన్నీ ఆమెనే అడగండి. డబ్బు ముందే పంపండి. ఎక్కడి నుంచో కోసిన అజ్ఞాత గాత్రాన్ని ప్రాచీన స్వరం అని పేరు పెట్టి వాడకండి. ఆ స్వరానికి ఒక మనిషి ఉంది.

మనవాళ్లు దీన్ని పరాయి సొత్తనుకోనక్కర్లేదు. గోల్కొండ కొలువులో పారశీకం నడిచింది. హైదరాబాద్ దర్గాల్లో ఖవ్వాలులు ఈనాటికీ అమీర్ ఖుస్రో పారశీక గజళ్లు పాడుతున్నారు. నాంపల్లి నుంచి మొదలుపెట్టినా షీరాజ్ దాకా దారి ఉంది.

పాట పూర్తయిందనుకున్నాక ఒక పరీక్ష పెట్టండి. ఎలక్ట్రానిక్ ట్రాకులన్నీ మ్యూట్ చేసి గొంతు, సెతార్ మాత్రమే వినండి. అవి నిండుగా నిలబడితే మీ పునాది గట్టిది. తర్వాత ట్రాకుల్ని ఒక్కొక్కటిగా తెరవండి. పద్యంలో ఇంతకుముందు వినబడని అర్థాన్నో భావాన్నో వినిపించినదాన్ని ఉంచండి, మిగిలినవి తీసేయండి. ఆ పనికి భయపడకండి. ఆ గజళ్లు ఏడెనిమిది వందల ఏళ్లుగా ఎందరో గొంతుల్లో, ఎన్నో వాద్యాల తోడుతో బతికాయి. మీ లాప్‌టాప్ కూడా వాటిలో ఒక వాద్యం కావచ్చు. వినడం నేర్చుకుంటే తప్పకుండా అవుతుంది.