సవరించిన రిటర్ను – విద్యార్థికి అందే సహాయం

ఆదాయపు పన్ను రిటర్నును దాఖలు చేసేది తల్లి లేక తండ్రి. దాని రసీదు ప్రతిని కళాశాల కార్యాలయంలో సమర్పించేది విద్యార్థి. పన్ను శాఖకు అది పన్ను లెక్క. విద్యాసంస్థకు అది కుటుంబ స్థోమతకు రుజువు. కావున రిటర్నును సవరించినప్పుడు ఆ సవరణ రెండవ చోటికి కూడా చేరవలసి ఉంటుంది. ఈ సంగతి చాలా కుటుంబాలకు తోచదు.

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. 2016లో ఐ.ఐ.టి.లలో బి.టెక్. ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షల రూపాయలకు పెంచబడినప్పుడు, కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉన్నవారికి పూర్తి మినహాయింపు, లక్ష నుండి 5 లక్షల వరకు ఉన్నవారికి మూడింట రెండు వంతుల మినహాయింపు కల్పించబడ్డాయి. ఒక చిరుద్యోగి 2024-25 సంవత్సరానికి 4,86,000 రూపాయల జీతం మాత్రమే చూపి, ఫిక్సెడ్ డిపాజిట్‌పై వచ్చిన 22,000 రూపాయల వడ్డీని మరచినాడనుకుందాం. వడ్డీని కలిపితే మొత్తం 5,08,000. కొత్త పన్ను విధానంలో ఆ సంవత్సరం 7 లక్షల వరకు రిబేటు ఉండినందున, సవరణకు ముందూ పన్ను సున్న, తరువాతా సున్నయే. పన్ను శాఖకు పైసా తేడా రాని ఆ వడ్డీ, విద్యార్థికి ఏడాదికి సుమారు 1,33,000 రూపాయల రాయితీని ప్రశ్నార్థకం చేస్తుంది.

ఇక్కడ ఊరకుండాలనిపించడం సహజమే. అయితే 2021 నుండి పన్ను శాఖవారి వార్షిక సమాచార నివేదికలో బ్యాంకు వడ్డీ కూడా కనిపిస్తున్నది. పైగా అసత్య వివరాలతో పొందిన ఉపకారవేతనాన్ని తిరిగి రాబట్టే నిబంధన కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ పథకంలో ఉన్నది.

మాటల తికమక మరొకటి. చట్టం హిందీ పాఠంలో ‘సకల్ కుల్ ఆయ్’ అన్నది చట్టం అనుమతించిన పొదుపు వంటి కొన్ని తగ్గింపులకు ముందరి మొత్తం; ‘కుల్ ఆయ్’ అన్నది వాటి తరువాత మిగిలినది. మనం ‘మొత్తం ఆదాయం’ అంటే ఏదీ తీసివేయనిదనే అనుకుంటాము. చట్టంలో దాని అర్థం దాదాపు తలకిందులు. విద్యారుణంపై కేంద్ర వడ్డీ రాయితీ పథకం 4.5 లక్షల పరిమితిని స్థూల ఆదాయానికే వర్తింపజేసింది. వ్యవసాయాదాయానికి పన్ను లేకపోయినా, తహశీల్దారు ఇచ్చే ధ్రువపత్రంలో అది లెక్కకు వస్తుంది. రిటర్ను ఒక వ్యక్తిది, ధ్రువపత్రం కుటుంబానిది. కనుక దరఖాస్తులో ఏ ఆదాయం అడిగినారో ముందుగా చదువుకొనడం అవసరం.

1961 నాటి చట్టంలో 139వ సెక్షన్, 5వ ఉపవిభాగం క్రింద సవరించిన రిటర్ను దాఖలు చేయవచ్చును. 2024-25 ఆదాయానికి ఆ గడువు 2025 డిసెంబరు 31తో ముగిసినది. సవరించినది పాతదాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమిస్తుంది. అందులో పాత రసీదు సంఖ్యను పేర్కొని, 30 రోజులలో ధ్రువీకరించాలి. గడువు దాటినవారి కోసం 2022లో ‘అప్‌డేటెడ్ రిటర్ను’ ప్రవేశపెట్టబడింది. దానికి అదనపు పన్ను చెల్లించాలి. పన్ను తగ్గించుకొనడానికి గాని, రిఫండు పెంచుకొనడానికి గాని అది పనికిరాదు.

పొరపాటు రెండవ వైపునా జరుగుతుంది. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారు ఒకే జీతాన్ని రెండుసార్లు చూపిన సందర్భాలుంటాయి. అప్పుడు సవరణ వలన ఆదాయం తగ్గి, విద్యార్థి అర్హుడు కావచ్చును. అటువంటివారు సంకోచించనక్కరలేదు. పాత, కొత్త రసీదులు రెండింటినీ, కారణం తెలిపే చిన్న లేఖతో జతపరచి, కార్యాలయంలో అందజేసి, అందినట్లు సంతకం తీసుకొనవలెను. ఆదాయం పెరిగినప్పుడు కూడా పద్ధతి ఇదే. మాటతో చెప్పి వచ్చిన సవరణ ఫైలులో ఉండదు.

చదువు ఖర్చుల కోసం ఇచ్చే ఉపకారవేతనం మాత్రం అదే చట్టంలోని 10వ సెక్షన్, 16వ అంశం ప్రకారం పన్నుకు లోబడినది కాదు. దానిని ఆదాయంలో కలిపి రిటర్ను నింపినవారు ఉంటే, వారికీ సవరణ అవసరమే.